క్రొయేషియాలో వారం రోజుల సెయిలింగ్: స్ప్లిట్ రేవు నుంచి హ్వార్, విస్ దీవుల వైపు అమ్మానాన్నలతో వెళ్ళొచ్చా?

ఇసార్_ఒడ్డున

అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఈసారి పిల్లల ఫింగ్‌స్టెన్ (మే నెలాఖరు, జూన్ మొదట్లో వచ్చే స్కూలు) సెలవుల్లో క్రొయేషియా వెళ్ళి వారం రోజులు తెరచాప పడవ అద్దెకి తీసుకుని దీవుల మధ్య తిరగాలని ప్లాన్. ఎప్పట్నుంచో అనుకుంటున్నదే, ఈసారి అమ్మా నాన్నా కూడా కాకినాడ నుంచి వస్తున్నారు, వాళ్ళని ఇంట్లో వదిలేసి వెళ్ళే ప్రసక్తే లేదు కాబట్టి వాళ్ళతో కలిసే వెళ్ళాలి. నాన్నది ఉప్పాడ పక్కన ఊరు, సముద్రం చూస్తూ పెరిగిన మనిషి, చెప్పిన దగ్గర్నుంచి రోజూ ఫోన్‌లో మ్యాప్ తీసి ఏ దీవి ఎక్కడుందో చూసుకుంటున్నారు. అమ్మకి మాత్రం కోరింగలో బోటు ఎక్కడమే గొప్ప విషయం, కాస్త కెరటం కనిపిస్తే గుండె దడ అంటుంది. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరు.

మొత్తం 8 మందిమి: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (11, 7), అమ్మా నాన్నా, ఇంకా ఫ్రెండ్, వాళ్ళావిడ. ఫ్రెండ్ దగ్గర పడవ నడిపే జర్మన్ లైసెన్స్, ఎస్‌బీఎఫ్ బినెన్ అంటారు, ఉంది. ఇప్పటిదాకా అనుకున్న రూట్: స్ప్లిట్ – బ్రాచ్ – హ్వార్ – విస్ – కోర్చులా – మ్లెట్ – దుబ్రోవ్నిక్. అక్కడ బోటు వదిలేసి కారు కోసం బస్సులో వెనక్కి రావడం.

అడగాలనుకున్నవి: ఈ లైసెన్స్ సరిపోతుందా లేక స్కిప్పర్‌ని (పడవ నడిపే మనిషిని) పెట్టుకోవాలా, రెండు అడుగుల కటమరాన్ మంచిదా ఒకే అడుగున్న మామూలు పడవ (మోనోహల్) మంచిదా, మే నెలాఖరు జూన్ మొదట్లో గాలి ఎలా ఉంటుంది, తిండి సంగతేంటి, అన్నిటికంటే ముఖ్యంగా పెద్దవాళ్ళకి ఇబ్బంది అవుతుందా. తిండితో కలిపి 9 వేల యూరోలు దాటకూడదనుకుంటున్నాం. అటు వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

నీలికెరటం

మీ నాన్నగారు మ్యాప్ చూసుకుంటున్నారని చదివి చాలా ముచ్చటేసిందండి, తప్పకుండా తీసుకెళ్ళండి. మేం వియన్నాలో ఉంటాం, నాకూ మావారికీ ఇద్దరికీ లైసెన్స్ ఉంది, ఆ చుట్టుపక్కల దీవులు బాగానే తిరిగాం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ముందు రూట్ సంగతి. మీరు రాసింది వారం ప్లాన్ కాదు, రెండు వారాల ప్లాన్. శనివారం నుంచి శనివారం అంటారు గానీ మొదటి శనివారం బోటు చేతికొచ్చేసరికి సాయంత్రం 5 అవుతుంది, సరుకులు ఎక్కించుకుని సామాను సర్దుకునేసరికి చీకటి పడుతుంది. అవతలి శుక్రవారం సాయంత్రానికల్లా డీజిల్ నింపించి ఎక్కిన రేవుకే తెచ్చి పెట్టెయ్యాలి, ఆ బంకు దగ్గర క్యూ గంట కూడా ఉంటుంది. శనివారం పొద్దున 9కి దిగిపోవాలి. అంటే మీకు మిగిలేది ఆదివారం నుంచి శుక్రవారం దాకా. పడవ వేగం చూస్తే 5 నాట్లు, అంటే గంటకి 9 కిలోమీటర్ల పైచిలుకు, పిల్లలు సైకిల్ తొక్కేదానికంటే నెమ్మది. గాలి ఎదురైతే ఇంకా తక్కువ. కోర్చులా, మ్లెట్ చాలా బావుంటాయి, కాదనను, మ్లెట్ నేషనల్ పార్క్‌లో ఉప్పునీటి సరస్సు మధ్యలో చిన్న దీవి, ఆ దీవి మీద పాత మఠం, చూసి తీరాల్సిందే. కానీ ఈ ట్రిప్‌లో కాదు. రోజూ 7, 8 గంటలు ఇంజిన్ శబ్దంలో కూర్చుంటే మీ అమ్మగారికి ఇంక జన్మలో పడవ పేరు ఎత్తద్దు అనిపిస్తుంది. దుబ్రోవ్నిక్‌లో వదిలేస్తే వన్ వే ఫీజు వేరే.

నేనైతే స్ప్లిట్ పక్కనే ఉన్న కాష్టెలా మెరీనాలోనో (పడవలు కట్టే రేవు) ట్రోగిర్‌లోనో ఎక్కి ఇలా వెళ్తా. ఆదివారం బ్రాచ్ దీవిలో మిల్నా, సుమారు మూడు గంటలు, ఊరు చుట్టూ నీళ్ళు లోపలికి చొచ్చుకుని ఉంటాయి కాబట్టి ఏ గాలి వచ్చినా రేవు ప్రశాంతంగా ఉంటుంది, మొదటి రాత్రి పెద్దవాళ్ళకి నిద్ర పట్టాలంటే ఇలాంటి చోటే మంచిది. సోమవారం విస్ ఊరు, నాలుగు గంటలు. మంగళవారం విస్ చుట్టూ తిరిగి కోమిజా. బుధవారం పొద్దున్నే బిషెవో దీవిలో బ్లూ కేవ్ చూసుకుని అక్కణ్ణుంచి హ్వార్ ఎదురుగా పాక్లెని దీవుల్లో పాల్మిజానా. సాయంత్రం వాటర్ టాక్సీలో హ్వార్ ఊరికి వెళ్ళి రండి, ఊళ్ళో రేవులో కట్టకండి, రాత్రంతా ఫెర్రీల అలలు, మ్యూజిక్. గురువారం స్టారీ గ్రాడ్. క్రీస్తుపూర్వం 384లో గ్రీకులు వచ్చి కట్టిన ఊరు, వాళ్ళు అప్పుడు రాళ్ళ గోడలతో పంచుకున్న చేలు ఇప్పటికీ అవే గట్లతో ద్రాక్షా ఆలివూ పండిస్తున్నాయి, 2008లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది. అక్కడ అద్దెకి సైకిళ్ళు దొరుకుతాయి, నేల చదునుగా ఉంటుంది, మీ నాన్నగారు చేల మధ్య నడవడానికి ఇష్టపడతారు అనుకుంటున్నా. శుక్రవారం వెనక్కి, ఐదారు గంటలు, పొద్దున్నే బయల్దేరాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా: ఈ వరస రాయి మీద చెక్కినట్టు పెట్టుకోకండి. సముద్రంలో ఏ రోజు ఎటు వెళ్ళాలో చెప్పేది గాలి, మన ఎక్సెల్ షీట్ కాదు. ముందు విస్ వెళ్ళాలా హ్వార్ వెళ్ళాలా అనేది శనివారం రాత్రి ఫోర్‌కాస్ట్ చూసి తేల్చుకోండి. దీవుల మధ్యలో మెరీనాలు ముందే బుక్ చేసేసి డబ్బు కట్టేస్తే ఆ డబ్బు కోసం తప్పుడు వాతావరణంలో బయల్దేరతారు, చాలామంది చేసేది అదే.

లైసెన్స్: బినెన్ అంటే నదులకీ సరస్సులకీ, సముద్రంలో పనికిరాదు. ఎస్‌బీఎఫ్ సీ ఉండాలి, దాంతోపాటు వీహెచ్ఎఫ్ రేడియో సర్టిఫికెట్ ఎస్‌ఆర్‌సీ కూడా ఉండాలి, క్రొయేషియాలో రెండూ అడుగుతారు. కాబట్టి స్కిప్పర్ తప్పదు. రోజుకి సుమారు 200 యూరోలు, కొంచెం అటూ ఇటూ. అతని భోజనం మనదే, నిద్రకి విడిగా చోటు ఇవ్వాలి. బోటు పేపర్లలో గరిష్ఠంగా ఎంతమంది అని రాసి ఉంటుంది, ఆ లెక్కలో స్కిప్పర్ కూడా వస్తాడు, మీరు 8 అయితే అతనితో 9, ఇది అడక్కుండా అడ్వాన్స్ కట్టకండి.

కటమరానా మోనోహలా అంటే, పెద్దవాళ్ళున్నారు కాబట్టి కటమరానే అంటాను. పక్కకి ఒరగదు, టీ కప్పు బల్ల మీద పెడితే అక్కడే ఉంటుంది. మోనోహల్ గాలికి 15, 20 డిగ్రీలు వాలుతుంది, మాకు అదే మజా, మీ అమ్మగారికి కాదు. కానీ మీ సీజన్‌లో 45 అడుగుల మోనోహల్ 3 వేల నుంచి 4,500 యూరోల మధ్య దొరికితే అదే వయసు కటమరాన్ దాదాపు రెట్టింపు, మెరీనాల్లో కూడా దానికి ఎక్కువ తీసుకుంటారు. 9 వేలలో కుదరాలంటే కొంచెం పాతది, నాలుగు క్యాబిన్లది చూడండి. అందులో చాలావాటికి ముక్కు దగ్గర పైనుంచి దిగే చిన్న గది ఉంటుంది, స్కిప్పర్లు అందులో పడుకుంటారు.

డాల్ఫిన్స్‌నోస్

నీలికెరటం గారు చెప్పిన రూట్‌కి నా ఓటు కూడా. వైజాగ్ వాణ్ణి, మర్చంట్ షిప్పుల్లో ఇంజనీర్‌ని, రియేకా, స్ప్లిట్ రేవులకి డ్యూటీ మీద వెళ్ళాను, తర్వాత సెలవు పెట్టి మరీ ఈ చిన్న పడవల మీదకి వచ్చాను. గాలి గురించి నేను చెప్తా, ఎందుకంటే అక్కడ అన్నీ గాలి చుట్టూనే తిరుగుతాయి.

మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. మాయెస్ట్రల్, యూగో, బూరా.

మాయెస్ట్రల్ మన ఫ్రెండు. వాయవ్యం నుంచి వచ్చే వేసవి గాలి, పొద్దున సముద్రం అద్దంలా ఉంటుంది, నేల వేడెక్కాక 10, 11 గంటలకి మొదలై మధ్యాహ్నం బలం పుంజుకుని సూర్యాస్తమయానికి తగ్గిపోతుంది. అందుకని అమ్మగారు ఉన్న రోజు పొద్దున టిఫిన్ టైమ్‌కే బయల్దేరి మధ్యాహ్నం గాలి ముదరకముందే చేరిపోయేలా చూసుకోండి. సాయంత్రం కావాలంటే మీరూ స్నేహితుడూ స్కిప్పర్‌ని తీసుకుని ఓ గంట తెరచాప సరదా తీర్చుకోవచ్చు. జూన్ మొదట్లో ఇది జూలై అంత నమ్మకంగా రాదు, కొన్ని రోజులు గాలే ఉండదు, ఇంజిన్ మీదే వెళ్తారు, నిరాశ పడకండి.

యూగో ఆగ్నేయం నుంచి వస్తుంది, ఒక్కసారిగా రాదు, ఒకటి రెండు రోజులు మెల్లగా పెరుగుతుంది, ఆకాశం మబ్బేస్తుంది, పెద్ద పెద్ద అలలు లేస్తాయి. ఇది వస్తే బిషెవో గుహ మూసేస్తారు. గాలి ఆగినా అల వెంటనే తగ్గదు. అమ్మగారికి కడుపులో తిప్పేది ఈ గాలికే.

బూరా ఈశాన్యం నుంచి, కొండల మీంచి కిందకి దూకే చల్లగాలి. దీని లక్షణం ఏంటంటే ఎండ కాస్తూ ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, చూసేవాడికి భలే రోజు అనిపిస్తుంది, ఈలోపు ఒక్క తోపుతో గాలి రెట్టింపు అవుతుంది. మకర్స్కా వెనకాల బియోకోవో కొండ 1762 మీటర్లు, దాని శిఖరం అంచున తెల్ల మేఘం టోపీలా కూర్చుంటే స్కిప్పర్లు అటు వెళ్ళరు. చలికాలంలోదే అసలు ఉధృతం, వేసవిలో వచ్చినా ఎక్కువకాలం ఉండదు, కానీ వచ్చిన ఆ కాసేపట్లో రేవులో ఉండటమే మంచిది. విస్ ఊరి రేవు ఈశాన్యం వైపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి బూరా ఫోర్‌కాస్ట్ ఉంటే రాత్రికి అక్కడ వద్దు. కోమిజా పడమర వైపు తెరుచుకుంది, దాని లెక్క వేరు. అందుకే నీలికెరటం గారు వరస రాయి మీద చెక్కద్దు అన్నది.

ఒక సుఖం ఏంటంటే మన తూర్పు తీరంలాగా పోటు పాటు లెక్క వేసుకునే పని పెద్దగా లేదు, అడ్రియాటిక్‌లో ఈ భాగంలో తేడా తక్కువ. ఏదైనా అవసరం పడితే వీహెచ్ఎఫ్‌లో ఛానెల్ 16, ఫోన్‌లో అయితే 195, సముద్రంలో రెస్క్యూ నంబర్ అది. పిల్లలకి కూడా నేర్పి పెట్టండి. ఫోర్‌కాస్ట్‌కి యాప్‌లు ఎన్నున్నా క్రొయేషియా ప్రభుత్వ వాతావరణ శాఖ డీహెచ్ఎంజెడ్ ఇచ్చే సముద్ర బులెటిన్ రోజుకోసారి తప్పకుండా చదవండి, మారుమూల చానెళ్ళలో గాలి ఎలా మలుపు తిరుగుతుందో వాళ్ళకి తెలిసినట్టు యాప్‌కి తెలీదు.

సాదాసీదా

నేను వేరేగా చెప్తా, ఏమనుకోకండి. పెద్దవాళ్ళకి మోకాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పలేదు మీరు. పడవ మీద జీవితం అంటే రోజంతా ఎక్కడం దిగడం, నిట్టనిలువు మెట్లు, వంగి దూరే బాత్రూమ్. మేం మా అత్తగారితో వెళ్ళినప్పుడు బ్రాచ్ దీవిలో బోల్ అనే ఊళ్ళో వారం ఇల్లు తీసుకున్నాం. స్ప్లిట్ నుంచి కారుతో సహా ఫెర్రీ ఎక్కితే 50 నిమిషాల్లో సుపెటార్, అక్కణ్ణుంచి డ్రైవ్. జ్లాత్ని రాత్ బీచ్‌కి ఆవిడ రోజూ సాయంత్రం నడిచేవారు, గులకరాళ్ళ నాలుక సముద్రంలోకి పొడుచుకుని ఉంటుంది, గాలిని బట్టీ అలని బట్టీ దాని కొస ఓసారి ఇటు ఓసారి అటు తిరుగుతుంది. మధ్యలో రెండు రోజులు స్కిప్పర్‌తో రోజువారీ పడవ తీసుకున్నాం, ఆవిడకి ఇష్టమైతే ఎక్కేవారు లేకపోతే ఇంట్లో ఉండేవారు. డబ్బు సగం కూడా కాలేదు. విడోవా గోరా అని 778 మీటర్ల కొండ, ఈ అడ్రియాటిక్ దీవులన్నిటిలోకీ ఎత్తైంది, పైదాకా కారు వెళ్తుంది, అక్కణ్ణుంచి ఆ బీచ్, ఎదురుగా హ్వార్ దీవి మొత్తం కనిపిస్తాయి. ఇది కూడా ఆలోచించండి అని నా మనవి.

కందిపొడి

తిండి నాకు వదిలెయ్యండి 😊

పడవ వంటిల్లు అంటే రెండు మూడు బర్నర్ల గ్యాస్ స్టవ్, చిన్న ఫ్రిజ్, బుల్లి సింక్. అందరూ మర్చిపోయేది కరెంటు. మెరీనాలో వైరు తగిలిస్తేనే 230 వోల్ట్స్ వస్తుంది, లంగరు వేసుకుని ఉన్నప్పుడు బ్యాటరీ మీద లైట్లూ ఫోన్ ఛార్జింగూ మాత్రమే, కాబట్టి కరెంట్ రైస్ కుక్కర్, మిక్సీ, ఇండక్షన్ ఏదీ పనిచేయదు. కటమరాన్లలో కొన్నిటికి జెనరేటర్ ఉంటుంది, అడిగి తెలుసుకోండి. 5 లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఒకటి, మూత బిగుతుగా ఉండే గిన్నెలు రెండు, పోపు గరిట. అంతే. పడవ కదులుతున్నప్పుడు పొయ్యి వెలిగించకండి, నూనె కాగుతుంటే అసలు వద్దు. పొద్దున రేవులోనే పప్పూ అన్నం వండేసి, పులిహోర కలిపేసి బయల్దేరాలి. మధ్యాహ్నం ఏ బేలోనో ఆగి పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. కడుపులో తిప్పేవాళ్ళకి కూడా ఇదే పడుతుంది, ఖాళీ కడుపుతో ఉంటే వికారం ఎక్కువ. అల్లం ముక్క నంజుకోమనండి. మాత్ర వేసుకునేట్టయితే బయల్దేరాక కాదు, గంట ముందే వేసుకోవాలి, బీపీ షుగర్ మందులు వాడుతుంటే ఇండియాలో వాళ్ళ డాక్టర్నే అడిగి తెచ్చుకోమనండి.

మ్యూనిక్ నుంచి కార్లోనే వెళ్తారు కదా, అయితే బియ్యం, కందిపప్పు, పొడులు, పచ్చళ్ళు, మజ్జిగ మిరపకాయలు ఇంటినుంచే. కూరగాయలు, పాలు, పెరుగు స్ప్లిట్‌లో కొంజుమ్, టొమ్మీ లాంటి సూపర్ మార్కెట్లలో. దీవుల మీద కొట్లు చిన్నవి, ధర ఎక్కువ, ఆదివారం చాలా కొట్లు తెరవకపోవచ్చు.

బయట తినాలంటే అమ్మగారికి ఇవి అడగండి. బ్లిత్వా అని ఒక ఆకుకూర, బంగాళదుంపతో వెల్లుల్లి ఆలివ్ నూనె వేసి చేస్తారు, మన పాలకూర వేపుడు లాగే లోపలికి వెళ్ళిపోతుంది. సోపర్నిక్ అని స్ప్లిట్ వెనక కొండల్లోది, పల్చటి రొట్టెల మధ్య అదే ఆకుకూర పెట్టి నిప్పుల మీద కాలుస్తారు, గుడ్డు ఉండదు, స్ప్లిట్ మార్కెట్లో ముక్కలు ముక్కలుగా అమ్ముతారు. విస్‌లో పొగాచా అని ఇంచుమించు అలాగే కనిపించే రొట్టె ఉంటుంది, అది మాత్రం వద్దు, లోపల చేపలు పెడతారు. బ్లిత్వా ఆర్డర్ ఇచ్చేటప్పుడు కూడా చేప పక్కన కాకుండా విడిగా ప్లేటులో ఇమ్మని చెప్పండి.

నీళ్ళ గురించి ఒక మాట. ట్యాంకు ఎంత పెద్దదైనా 9 మంది ఇంట్లో వాడినట్టు వాడితే రెండు రోజుల్లో ఖాళీ. గిన్నెలు సముద్రపు నీళ్ళతో తోమి చివర్లో మంచినీళ్ళతో జాడించండి. తాగడానికి క్యాన్లు కొనుక్కోండి.

లీడ్స్_లో_లింగంపల్లి

మధ్యలో దూరుతున్నా సారీ. మేం యూకేలో, ఇండియన్ పాస్‌పోర్ట్. క్రొయేషియాకి విడిగా వీసా కావాలి అని ఎక్కడో చదివా, నిజమేనా?

నీలికెరటం

అది పాత సంగతండి. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో ఉంది, అదే రోజు వాళ్ళ పాత కరెన్సీ కునా పోయి యూరో వచ్చింది. మీకు మామూలు షెంగెన్ వీసా చాలు, ఎక్కువ రాత్రులు అక్కడే ఉంటారు కాబట్టి క్రొయేషియాకే అప్లై చెయ్యాలి. ఇసార్ గారూ, మీకు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది, అమ్మానాన్నలకి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా సరిపోతుంది, 90 రోజుల లెక్కలోనే ఇది కూడా పడుతుంది. పాస్‌పోర్టులు మాత్రం కార్లోనే ఉంచుకోండి, బోర్డర్ లేదు అన్నా స్లొవేనియా వాళ్ళు మధ్యలో ఆపి చూడొచ్చు. పైగా బోటులో ఉన్న ప్రతి మనిషి పేరూ పాస్‌పోర్ట్ నంబరూ క్రూ లిస్టులో ఎక్కాలి.

సాదాసీదా గారు చెప్పింది నేను కొట్టిపారెయ్యను. మోకాళ్ళు, నడుము బాగా లేకపోతే ఇల్లే మంచిది. కానీ వాళ్ళు మామూలుగా మెట్లు ఎక్కగలిగితే పడవనే నమ్ముకోండి, ఎందుకంటే రాత్రి బేలో లంగరు వేసుకుని, నలుగురూ వెనక డెక్ మీద కూర్చుని అన్నం తినడం ఇంటి నుంచి రాదు. మీరు చూసుకోవాల్సింది రేవులో దిగే పలక. అక్కడ పడవని పక్కగా కట్టరు, వెనక్కి నడిపి వీపు గట్టుకి పెట్టి కడతారు, గట్టుకీ పడవకీ మధ్య ఒక సన్నటి పలక వేస్తారు, పాసరెల్ అంటారు. అలకి అది కొంచెం ఊగుతుంది. పిల్లలు పరిగెత్తుకుంటూ పోతారు, పెద్దవాళ్ళు అక్కడే జంకుతారు. చెకిన్ రోజే రెయిలింగ్ తాడు ఉన్న పలక ఉందా అని అడిగి, మొదటి సాయంత్రమే మెరీనాలో అమ్మగారి చేత ఒకటికి రెండుసార్లు ఎక్కించి దింపించండి. ముందు ఒకరు గట్టు మీద చెయ్యి పట్టుకోవాలి, వెనక ఒకరు.

మీ స్నేహితుడికి, మీకు కూడా పని ఉంటుంది. గట్టు మీద మనిషి నీళ్ళలోంచి ఒక తాడు పైకెత్తి చూపిస్తాడు, బోట్ హుక్‌తో దాన్ని అందుకుని, వదలకుండా పడవ పక్కంతా నడుచుకుంటూ ముక్కు దాకా వెళ్ళి లాగి బిగించి కట్టాలి. అది సముద్రం అడుగున పడి ఉండే తాడు, ఒళ్ళంతా నాచు, పెంకులు అతుక్కుని ఉంటాయి, వట్టి చేతులతో పట్టుకుంటే అరచెయ్యి గీసుకుపోతుంది. సెయిలింగ్ గ్లవ్స్ రెండు జతలు మ్యూనిక్‌లోనే కొనుక్కోండి.

టాయిలెట్ గురించి సిగ్గుపడకుండా చెప్పాలి కాబట్టి చెప్తున్నా, అందులో టిష్యూ పేపర్ కూడా వెయ్యకూడదు, గొట్టం సన్నగా ఉంటుంది, అడ్డుపడితే ఆ వారం మొత్తం పోతుంది. షవర్ పైపు చేతికొచ్చేలా ఉంటుంది కాబట్టి మనవాళ్ళకి నీళ్ళ ఇబ్బంది లేదు.

ఇసార్_ఒడ్డున

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండి. ఇంట్లో అందరం కూర్చుని చదివాం, వీడియో కాల్‌లో అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించా. దుబ్రోవ్నిక్ తీసేశాం. స్కిప్పర్ ఖాయం. అమ్మకి మోకాళ్ళు బానే ఉన్నాయి, అన్నవరం మెట్లు ఇప్పటికీ నడిచే ఎక్కుతుంది, భయం ఒక్కటే. పొద్దున పూట మాత్రమే ప్రయాణం అంటే సరే అంది.

నాన్న అడగమన్నారు: విస్‌లో అంత ఏముంది, అందరూ హ్వార్ హ్వార్ అంటుంటే మీరిద్దరూ విస్ అంటున్నారు అని. ఇంకోటి, బ్లూ కేవ్‌లోకి పెద్దవాళ్ళు వెళ్ళగలరా?

డాల్ఫిన్స్‌నోస్

నాన్నగారికి చెప్పండి, విస్ అంటే నేవీ దీవి. యుగోస్లావియా కాలంలో అక్కడ సైన్యం ఉండేది, 1989 దాకా విదేశీయుల్ని అడుగు పెట్టనివ్వలేదు, అందుకే హోటళ్ళ కాంక్రీటు పెద్దగా పడలేదు, ఊళ్ళు ఊళ్ళలాగే మిగిలాయి. ఉత్తరం వైపు కొండలో జలాంతర్గాములు దాచడానికి తొలిచిన సొరంగం ఉంది, పడవలో వెళ్ళి ఆ నోరు దాకా చూడొచ్చు, మీ పిల్లలు నోరు తెరుస్తారు. దక్షిణాన స్టినీవా, రెండు కొండల మధ్య సన్నటి సందులోంచి లోపలికి ఈదుకుంటూ వెళ్తే గుండ్రంగా గులకరాళ్ళ బీచ్.

క్రికెట్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నెపోలియన్ యుద్ధాలప్పుడు ఈ దీవి బ్రిటిష్ నేవీ చేతిలో ఉండేది, కెప్టెన్ విలియం హోస్ట్ తన నావికుల చేత ఇక్కడ క్రికెట్ ఆడించాడు. 1811లో ఈ నీళ్ళలోనే ఫ్రెంచి నౌకల్ని ఓడించినవాడు కూడా ఆయనే. రెండు వందల ఏళ్ళ తర్వాత దీవి వాళ్ళు మళ్ళీ ఆయన పేరు మీదే క్లబ్ పెట్టుకుని ఆడుతున్నారు. గ్రౌండ్ ఉన్నది ద్రాక్షతోటల మధ్య, రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న బాంబర్లు దిగడానికి వేసిన ఎయిర్‌స్ట్రిప్ చోట. కోమిజా నుంచి టాక్సీ మాట్లాడుకుని వెళ్ళొచ్చు. బ్యాటూ టెన్నిస్ బాలూ కార్లో వేసుకోండి, తాతా మనవళ్ళు ఆ మైదానంలో ఓ రెండు ఓవర్లు వేసుకోవాలి.

నీలికెరటం

గుహ: మన పడవతో లోపలికి పోనివ్వరు. బిషెవో రేవులో టికెట్ కొంటే వాళ్ళ చిన్న పడవలో తీసుకెళ్తారు. గుహ నోరు చాలా కిందకి ఉంటుంది, లోపలికి దూరేటప్పుడు పడవలో ఉన్నవాళ్ళంతా తల పూర్తిగా వంచాలి, మీ అమ్మగారు అన్నవరం మెట్లెక్కే మనిషైతే నిశ్చింతగా వెళ్ళొచ్చు. ఆ దారి కూడా 1884లో పేల్చి తీసిందే, అంతకుముందు ఈదుకుంటూ వెళ్ళేవాళ్ళే చూసేవాళ్ళు. ఎండ నీటి కింద ఉన్న కన్నంలోంచి లోపలికి వచ్చి తెల్లటి అడుగుకి తగిలి పైకి వస్తుంది, అందుకే నీళ్ళు కింద నుంచి దీపం పెట్టినట్టు నీలంగా వెలుగుతాయి, నీళ్ళలో చెయ్యి పెడితే చెయ్యి వెండిలా కనిపిస్తుంది. వెలుతురు బాగుండేది 11 నుంచి 12 మధ్య, కానీ ఆ టైమ్‌కి స్ప్లిట్ నుంచి స్పీడ్ బోట్లన్నీ దిగుతాయి, కోమిజాలో నిద్ర చేసి 8కల్లా బయల్దేరితే తోపులాట లేకుండా చూస్తారు. లోపల ఉండనిచ్చేది కాసేపే, కెమెరా సర్దుకుంటూ కూర్చోకండి.

ఫింగ్‌స్టెన్‌కి నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి, 20 డిగ్రీల దగ్గర. పిల్లలకి పొట్టి వెట్‌సూట్లు, అందరికీ నీళ్ళ చెప్పులు. ఒడ్డున రాళ్ళ సందుల్లో నల్లటి ముళ్ళ సీ అర్చిన్లు ఉంటాయి, ముల్లు దిగితే విరిగి లోపలే ఉండిపోతుంది.

ఇసార్_ఒడ్డున

క్రికెట్ గ్రౌండ్ అనగానే చిన్నోడు బ్యాగు సర్దడం మొదలెట్టాడు 😀 ఆఖరి ప్రశ్న. బుకింగ్ ఎప్పటికల్లా చేసుకోవాలి, పేపర్లు సంతకం పెట్టేముందు ఏమేం అడగాలి?

నీలికెరటం

ఇప్పుడే. బవేరియా మొత్తానికి అవే సెలవులు, సగం మ్యూనిక్ అక్కడే ఉంటుంది. బోటుతో పాటే స్కిప్పర్‌ని కూడా రాయించుకోండి, ఆఖర్లో మంచివాళ్ళు దొరకరు. కుటుంబంతో, పెద్దవాళ్ళతో వస్తున్నామని ముందే రాయండి, కొందరు స్కిప్పర్లు పార్టీ గ్రూపులకి అలవాటు పడి ఉంటారు.

అడగాల్సినవి: బోటు అద్దె కాకుండా అక్కడ కట్టాల్సింది ఎంత, అంటే క్లీనింగ్, దుప్పట్లు, గ్యాస్, టూరిస్ట్ టాక్స్ అన్నీ కలిపి ఒక్క అంకెలో రాసి ఇమ్మనండి. చిన్న రబ్బరు పడవకి మోటారు ఉందా లేక దానికి వేరే డబ్బులా. పిల్లల లైఫ్ జాకెట్లు వాళ్ళ బరువు చెప్పి రాయించండి. రెయిలింగ్ చుట్టూ సేఫ్టీ నెట్ కట్టిస్తారా, ఏడేళ్ళవాడికి అది కావాల్సిందే. డిపాజిట్ 2, 3 వేల యూరోలు కార్డు మీద బ్లాక్ చేస్తారు, కొంచెం కట్టి డిపాజిట్ ఇన్సూరెన్స్ తీసుకుంటే నిశ్చింత. మాకు ఓసారి ఒక కంపెనీ వాళ్ళు మేం ఎక్కేముందే ఉన్న గీతకి డబ్బు పట్టుకున్నారు, అప్పట్నుంచి ఎక్కగానే పడవ చుట్టూ, అడుగున ఉన్న ప్రొపెల్లర్ దాకా, తెరచాప విప్పి మరీ వీడియో తీసుకుంటాం.

డాల్ఫిన్స్‌నోస్

దారిలో ఆస్ట్రియా, స్లొవేనియా విన్యెట్లు (హైవే వాడుకోవడానికి ముందే కట్టే టోల్) ఆన్‌లైన్‌లో ముందే కొనేయండి, టౌయెర్న్, కరావాంకెన్ సొరంగాలకి టోల్ విడిగా కట్టాలి. శనివారం పొద్దున కరావాంకెన్ దగ్గర గంటల తరబడి ఆగిపోతుంది, శుక్రవారం రాత్రే ఆ సొరంగం దాటేసి లుబ్లియానా దగ్గర ఎక్కడైనా పడుకోండి, శనివారం మధ్యాహ్నానికి స్ప్లిట్ చేరిపోతారు.